బొమ్మలు గీస్తున్నారు సరే, గీయించుకునేవాళ్లు ఎక్కడ? ఫ్రీలాన్స్ డిజిటల్ ఆర్టిస్టుకు సమగ్ర మార్గదర్శి

ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు పడుతుంటాయి. "సూపర్ అన్నా", "అక్కా, ఏ బ్రష్ వాడారు?" అంటూ మెసేజ్‌లు వస్తుంటాయి. పని మాత్రం రాదు. డిజిటల్ ఆర్ట్ మొదలుపెట్టి ఏడాదో రెండేళ్లో అయిన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బొమ్మలు బాగోలేక కాదు. ఆ పోస్టులు చూసేవాళ్లలో ఎక్కువమంది ఆర్టిస్టులో, ఆర్టిస్టులు కావాలనుకునేవాళ్లో. వాళ్లకు మీ బొమ్మ నచ్చుతుంది, కానీ దాంతో వాళ్లకు పని లేదు. బొమ్మతో పని ఉన్న పచ్చళ్ల వ్యాపారి, పిల్లల పుస్తకాల ఎడిటర్, పెళ్లి కుదిరిన జంట మీ పేజీ వైపు ఎప్పుడూ రాలేదు. మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

గీయడం ఓ మాదిరిగా వచ్చి, దాన్ని సంపాదనగా మార్చుకోవాలనుకునేవారి కోసం రాసింది ఇది. బొమ్మలు ఎలా గీయాలో ఇందులో ఉండదు. ఇంకో మాట: ఉద్యోగం ఉంటే వెంటనే మానేయకండి. సాయంత్రాలు, ఆదివారాలు చేసిన పనికి వరసగా కొన్ని నెలలు డబ్బు చేతికొచ్చాక ఆ సంగతి ఆలోచించవచ్చు.

1. ముందు కొనేవాళ్లను ఎంచుకోండి

"నేను అన్నీ గీస్తాను" అనే ఆర్టిస్టుకు పని దొరకడం కష్టం. క్లయింటుకు కావలసింది అన్నీ గీసే మనిషి కాదు, తనకు కావలసిన ఆ ఒక్కటీ గీసే మనిషి. కాబట్టి శైలి గురించి మథనపడే ముందు, తెలుగు నేల మీద బొమ్మకు డబ్బు ఎక్కడెక్కడ ఖర్చవుతోందో చూడండి.

అన్నిటికంటే తొందరగా పని దొరికేది పెళ్లి కార్డుల దగ్గర. వధూవరుల కార్టూన్ బొమ్మలతో వాట్సాప్ కార్డు, తాతగారి ఊరి పెంకుటిల్లు గీసిన కార్డు, కార్యక్రమాలన్నీ బొమ్మల్లో చూపించే చిన్న వీడియో ఇప్పుడు మామూలైపోయాయి. పెళ్లి ఒక్కటే కాదు, బారసాల, అన్నప్రాశన, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, షష్టిపూర్తి అన్నిటికీ అడుగుతారు. అయితే ఇది ముహూర్తాల మీద నడిచే వ్యాపారం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం వచ్చాయంటే ఊపిరాడదు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం ఉన్న రోజుల్లో ఫోను మోగదు. పంచాంగం కొనుక్కుని ముహూర్తాలకు నెలన్నర ముందే మీ నమూనాలు సిద్ధం చేసుకోండి. ఖాళీ నెలల్లో ఏం చేయాలో కూడా ముందే అనుకోండి.

పిల్లల పుస్తకాలది పూర్తిగా వేరే ప్రపంచం. చెన్నైలోని తూలిక అనే ప్రచురణ సంస్థ తెలుగుతో సహా అనేక భాషల్లో పుస్తకాలు వేస్తుంది. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వేదిక 2015 నుంచి ఉంది. అందులో వేల కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదవొచ్చు. ఒక కథను పేజీలుగా ఎలా విడగొడతారో, ఏ పేజీలో మాటకు చోటు వదులుతారో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ ఉంది. ఇక్కడ డబ్బు నెమ్మదిగా వస్తుంది, పుస్తకం పూర్తి కావడానికి నెలలు పడుతుంది. కానీ మీ పేరు అచ్చులో ఉంటుంది, ఒక ఎడిటర్ నమ్మితే మళ్లీ మళ్లీ పిలుస్తారు.

తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే కవులు, కథకులు ఎందరో. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల ముందు వాళ్లందరికీ ఒకేసారి కవర్లు కావాలి. ఫీజు పెద్దగా ఉండదు, మాటల్లో మొహమాటం ఎక్కువ. అయినా కవర్ డిజైన్ తెలిసిన ఆర్టిస్టు పేరు ఒక రచయిత నుంచి ఇంకో రచయితకు చాలా వేగంగా పాకుతుంది.

చిన్న వ్యాపారాలను మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. ఇంటి పచ్చళ్లు, మిల్లెట్ బిస్కెట్లు, గానుగ నూనె, పూతరేకులు, చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఎంతమందో చూడండి. డబ్బా మీద లేబుల్, పెట్టె మీద బొమ్మ, పండక్కి పోస్టర్, పేజీకి లోగో అన్నీ వాళ్లకు అవసరమే. నా లెక్కలో కొత్త ఆర్టిస్టుకు ఇదే మంచి క్షేత్రం. పని చిన్నది, నిర్ణయం తీసుకునేది ఒక్కరే, నచ్చితే ప్రతి పండక్కీ మళ్లీ ఫోన్ చేస్తారు. యూట్యూబ్ చానళ్లకు థంబ్‌నెయిళ్లు కూడా నిత్యం పని ఇస్తాయి. 1280 బై 720 పిక్సెళ్ల ఆ బొమ్మను గంటలో అడుగుతారు, గంట పనికి ఇచ్చేంతే ఇస్తారు.

గేములు, యానిమేషన్, సినిమా కాన్సెప్ట్ ఆర్ట్ అంటే పోటీ జాతీయ స్థాయిలో ఉంటుంది. ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాద్‌దే. ఇలాంటి స్టూడియోలకు పనిచేయాలంటే అనాటమీ, పర్‌స్పెక్టివ్ గట్టిగా ఉండాలి, ఇచ్చిన శైలిలో ఒదిగిపోవడం రావాలి. ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఇందులోకి దూకడం కంటే స్టూడియోలో కొంతకాలం ఉద్యోగం చేసి బయటికొచ్చినవాళ్లకే ఫ్రీలాన్స్ పనులు తేలిగ్గా దొరుకుతాయి.

వీటిలో రెండు ఎంచుకోండి. ఒకటి త్వరగా డబ్బిచ్చేది, ఇంకొకటి మీకు ఇష్టమైనది.

2. సామాను: ఉన్నదానితో మొదలు

ఇక్కడ ఎక్కువసేపు ఆగొద్దు. మామూలు ల్యాప్‌టాప్, తెర లేని పెన్ టాబ్లెట్ చాలు. హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్, వాకామ్ మూడింటిలోనూ చవక మోడళ్లు ఉన్నాయి. బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దాంతో గీసిన బొమ్మ అమ్ముకోవడానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్ యాప్‌ను ఒకసారి కొంటే సరిపోతుంది. తెర ఉన్న ఖరీదైన టాబ్లెట్‌ను ఈఎంఐలో కొని ఆ తర్వాత క్లయింట్లను వెతకడం తలకిందుల వ్యవహారం. ఆ టాబ్లెట్ డబ్బు క్లయింటు నుంచే రానివ్వండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకునేటప్పుడు లైసెన్స్ సంగతి అడుగుతారు, పైగా వైరస్ వస్తే పోయేది క్లయింటు ఫైళ్లే.

ఫైళ్ల బ్యాకప్ రెండు చోట్ల పెట్టండి. ఒకటి హార్డ్ డిస్క్, ఒకటి గూగుల్ డ్రైవ్.

3. పోర్ట్‌ఫోలియో: చేయాలనుకున్న పనే చూపించండి

పది పన్నెండు బొమ్మలు చాలు, కానీ అవి మీరు అమ్మాలనుకున్న రకానివై ఉండాలి. సినిమా హీరోల ఫ్యాన్ ఆర్ట్ ముప్పై ఉన్నా పచ్చళ్ల వ్యాపారికి మీరు లేబుల్ చేయగలరో లేదో తెలియదు. ఆయన ఊహించుకోడు, ఎదురుగా కనిపించాలి.

"ఇంకా ఎవరూ పని ఇవ్వలేదు, ఏం చూపించను?" అంటారా? పనిని మీరే కల్పించుకోండి. లేని పచ్చళ్ల కంపెనీకి ఒక పేరు పెట్టి గోంగూర, మాగాయ, పండుమిర్చి మూడు సీసాలకు ఒకే వరసలో లేబుళ్లు చేయండి. సీసా ఫొటో మీద అతికించి చూపించండి. కాపీరైట్ గడువు తీరిపోయిన పాత తెలుగు పుస్తకానికి కొత్త కవర్ గీయండి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది కాబట్టి, గురజాడ రచనల్లాంటివాటికి నిశ్చింతగా గీయొచ్చు. పిల్లల పుస్తకాల వైపు వెళ్లేవాళ్లు ఒకే పాపను కనీసం ఐదారు బొమ్మల్లో చూపించాలి. నిద్రలేస్తూ, ఏడుస్తూ, పరిగెడుతూ, వెనక నుంచి ఎలా ఉన్నా అదే పాప అని తెలియాలి. ఎడిటర్లు మొదట చూసేది దాన్నే. ఒక్క అందమైన బొమ్మ వాళ్లకు పెద్దగా ఏమీ చెప్పదు. ఇవి కల్పిత పనులని కింద ఒక మాట రాయండి, అందులో తలవంపు ఏమీ లేదు.

ఎక్కడ పెట్టాలి? ఇలస్ట్రేషన్‌కు, బ్రాండింగ్‌కు బిహాన్స్ వెబ్‌సైట్. గేములు, సినిమాలకు ఆర్ట్‌స్టేషన్. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మానాన్నల ఫొటోలతో కలవని పని పేజీ వేరుగా ఉండాలి. వీటన్నిటికంటే తెలుగు క్లయింట్ల దగ్గర ఎక్కువ పనిచేసేది పది పేజీల పీడీఎఫ్. అడిగిన నిమిషంలో వాట్సాప్‌లో పంపొచ్చు, ఆయన దాన్ని వాళ్లావిడకో పార్ట్‌నర్‌కో ఫార్వర్డ్ చేస్తాడు. చివరి పేజీలో పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏమేం చేస్తారో నాలుగు ముక్కలు ఉండాలి.

తెలుగు అక్షరం గురించి ఇక్కడే చెప్పాలి. బయటి రాష్ట్రాల ఆర్టిస్టులు మీకు పోటీ రాలేని చోటు ఇది. ఫొటోషాప్‌లో పాత వెర్షన్లైతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు తగిన లేఅవుట్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు పోయి అచ్చవుతాయి. అలాంటి ఫ్లెక్సీలు ఊరి నిండా ఉన్నాయి. డీటీపీవాళ్లు పంపే అను ఫాంట్ల మేటర్ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కాదు కాబట్టి మీ సిస్టమ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ముందే యూనికోడ్‌లో అడగండి. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. చేత్తో తెలుగు అక్షరాలు అందంగా రాయగలిగితే ఇంకేం కావాలి, పోర్ట్‌ఫోలియోలో రెండు పేజీలు దానికే ఇవ్వండి. బాపు రాత చూసి పెరిగిన జాతి మనది, మంచి అక్షరం కనిపిస్తే గుర్తుపడతారు.

4. తొలి క్లయింటు

అడగందే అమ్మయినా పెట్టదు. ముందుగా తెలిసినవాళ్లందరికీ చెప్పండి. "పనులుంటే చూడండి" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "పెళ్లి కార్డులకు బొమ్మలు గీస్తున్నాను, మీ ఆఫీసులో ఎవరికైనా పెళ్లి కుదిరితే ఈ పీడీఎఫ్ పంపండి" అంటే తట్టే మనుషులు తడతారు. అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ గ్రూపు, పెద్దమ్మ పిల్లల గ్రూపు అన్నిట్లో ఒక్కసారి పెట్టండి. రోజూ పెడితే మ్యూట్ చేస్తారు.

ఆ తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లు. ఒక షీటు తెరిచి మీరు ఎంచుకున్న రంగంలో నలభై యాభై పేర్లు రాయండి. వ్యాపారం పేరు, ఎవరితో మాట్లాడాలి, వాళ్లకు ఇప్పుడున్న బొమ్మల్లో లోటేంటి, ఎప్పుడు రాశాం, ఏమన్నారు. రోజుకు మూడు నాలుగు మెసేజ్‌లు పంపండి. ఒకే మెసేజ్ కాపీ చేసి అందరికీ పంపితే తెలిసిపోతుంది. ఇలా రాయొచ్చు:

"నమస్కారమండీ. నేను గుంటూరులో ఉంటాను, ఫుడ్ బ్రాండ్లకు బొమ్మలు, లేబుళ్లు చేస్తాను. మీ కాకరకాయ కారం తెప్పించుకున్నాం, ఇంట్లో అందరికీ నచ్చింది. మీ పొడులన్నిటికీ ఒకే లేబుల్ ఉండటంతో ఏది కందిపొడో ఏది కారప్పొడో దూరం నుంచి తెలియడం లేదు. ఒక్కో పొడికి ఒక్కో చిన్న బొమ్మ ఉంటే బాగుంటుందనిపించింది. నేను చేసినవి కొన్ని జత చేశాను. వీలున్నప్పుడు చూడండి. ఆసక్తి ఉంటే ఫోన్‌లో మాట్లాడదాం."

వాళ్ల సరుకు నిజంగా చూసి రాశారని ఇందులో తెలుస్తుంది, పైగా పనికొచ్చే ఒక సలహా ఉంది. కొనకుండా కొన్నామని రాయొద్దు. జవాబు రాకపోతే వారం పది రోజులాగి ఒకసారి గుర్తుచేయండి, అంతటితో వదిలేయండి. ఎక్కువమంది జవాబివ్వరు. అది మీ బొమ్మ మీద తీర్పు కాదు, వాళ్ల ఇన్‌బాక్స్ పరిస్థితి. ప్రచురణ సంస్థలకు రాసేటప్పుడు మాత్రం వాళ్ల వెబ్‌సైట్‌లో నమూనాలు ఎలా పంపమన్నారో చదివి అలాగే పంపండి.

ఊళ్లోనే ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు. ప్రింటింగ్ ప్రెస్సులు, పెళ్లి కార్డుల దుకాణాలు, ఈవెంట్ మేనేజర్లు, ఫొటోగ్రాఫర్లు. వీళ్ల దగ్గరికి కస్టమర్లు తమంతట తామే వస్తారు. ప్రింట్ తీసిన నమూనాలు పట్టుకుని నేరుగా వెళ్లండి. టీ తాగుతూ మాట్లాడితే అయ్యే పని పది ఈమెయిళ్లకు కాదు. వాళ్లు మీ ధర మీద తమ కమిషన్ వేసుకుంటారు, వేసుకోనివ్వండి. కానీ వాళ్లు తెచ్చిన కస్టమర్‌ను వెనక నుంచి లాక్కోవద్దు. ఊరు చిన్నది.

విదేశాల్లోని తెలుగువాళ్లది మంచి మార్కెట్. పిల్లల తొలి పుట్టినరోజు కార్డు, అమ్మానాన్నల షష్టిపూర్తికి పాత ఫొటో చూసి గీసిన బొమ్మ, తెలుగు బడి పిల్లలకు అక్షరాల చార్టు వాళ్లు అడిగేవే. ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా మహాసభలు రెండేళ్లకోసారి జరుగుతాయి. అలాంటి సభలకు సావనీర్లు, పోస్టర్లు, వేదిక బొమ్మలు కావాలి. కాబట్టి కొన్ని నెలల ముందే అక్కడున్న చుట్టాల ద్వారా కమిటీవాళ్లను అడగండి.

ఫైవర్, అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ పనుల వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. తెలుగువాళ్లలో చాలామంది అక్కడ "లోగో, పోర్ట్రెయిట్, ఏదైనా" అని పెట్టి ఐదు డాలర్లకు కొట్టుకుంటారు. వెళ్తే ఇరుకైన పనితో వెళ్లండి: తెలుగు అక్షరాలతో లోగో, భారతీయ వధూవరుల కార్టూన్, పురాణ పాత్రల బొమ్మలు. వెతికేవాళ్లు తక్కువే, కానీ పోటీ ఇంకా తక్కువ. హైదరాబాద్ కామిక్ కాన్‌లో ఆర్టిస్టులకు బల్లలు ఇస్తారు. ప్రింట్లు, స్టిక్కర్లు అమ్మి ఖర్చులు రాబట్టుకోవచ్చేమో గానీ, ఆ రెండు మూడు రోజుల్లో ఎక్కువ విలువైనవి చేతులు మారిన విజిటింగ్ కార్డులే.

5. ఎంత అడగాలి?

పక్కవాళ్ల రేటు కనుక్కుని వంద తగ్గించడం అందరూ చేసేదే, అందరూ మునిగేదే. మీ లెక్క మీరు వేసుకోండి. ఉదాహరణకు ఇంటి ఖర్చులు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, హెల్త్ ఇన్సూరెన్స్, పాడైతే కొత్త టాబ్లెట్ కోసం పక్కన పెట్టేది అన్నీ కలిపి నెలకు 36,000 రూపాయలు కావాలనుకుందాం. నెలలో పాతిక రోజులు పనిచేసినా క్లయింట్లను వెతకడం, ఫోన్లు, బిల్లులు, నేర్చుకోవడం పోగా డబ్బొచ్చే గీత పని జరిగేది సుమారు పన్నెండు రోజులే. అంటే రోజుకు 3,000. రెండు రోజులు పట్టే పోస్టర్ 6,000. ఇది మీ కనిష్ఠం, దీనికంటే కిందకు దిగితే చేతి డబ్బు పెట్టి గీస్తున్నట్టే.

రోజుల లెక్క ఒకవైపే. అదే బొమ్మ ఒకరి ఇంటి గోడకు వెళ్తే ఒక ధర, లక్ష డబ్బాల మీద అచ్చయితే ఇంకో ధర. ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు అని ముందే అడగండి. రేపటికల్లా కావాలంటే పాతిక శాతమో సగమో అదనం. క్లయింటు "ఎంతకిస్తారు?" అనగానే అంకె చెప్పేయకండి. "పని వివరాలు చూసి సాయంత్రానికి పంపుతానండీ" అనండి. ఎదురు ప్రశ్నగా బడ్జెట్ అడగడం తప్పు కాదు. తగ్గించమంటే ధరతో పాటు పనినీ తగ్గించండి: ఇద్దరి బొమ్మకు బదులు ఒక్కరిది, వెనక దృశ్యం లేకుండా. పని అలాగే ఉంచి ధర కోస్తే మొదట చెప్పింది అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.

చుట్టాల సంగతి వేరే చెప్పాలా? బాబాయి కూతురి పెళ్లి కార్డు కానుకగా చేయండి, మనస్ఫూర్తిగా. బాబాయి ఫ్రెండు కూతురిది మాత్రం బిల్లుతో చేయండి.

6. రాతకోతలు

లాయరు రాసిన పత్రం అక్కర్లేదు. ఒక్క ఈమెయిలో వాట్సాప్ మెసేజో చాలు, కానీ అందులో ఇవి ఉండాలి: ఏం గీస్తారు, ఎన్ని, ఏ సైజు, ఎన్ని కరెక్షన్లు, ఏ తేదీకి, ఎంత, అడ్వాన్స్ ఎంత, మధ్యలో పని ఆగిపోతే ఏంటి. "ఓకే" అని వాళ్లు జవాబిచ్చాకే పెన్ను పట్టుకోండి. సగం అడ్వాన్స్, మిగతా సగం ఫైనల్ ఫైలు ఇవ్వడానికి ముందు. పుస్తకం లాంటి పెద్ద పనైతే మూడు విడతలు. అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఒక సంగతి: ఇవ్వనన్నవాళ్లలో చాలామంది చివర్లోనూ ఇవ్వరు, ముందే తెలియడం మంచిదే.

కాపీరైట్ దగ్గర మన ఆర్టిస్టుల్లో పెద్ద అపోహ ఉంది, "గీసింది నేను, హక్కు నాదే" అని. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, గీయించుకున్నవారే తొలి హక్కుదారు. అందుకే హక్కులు ఎవరివో రాతలో ఉండాలి. "ఈ బొమ్మను ఈ పుస్తకం తెలుగు ప్రచురణకు మాత్రమే వాడుకోవచ్చు, కాపీరైట్ ఆర్టిస్టుదే" అన్న ఒక్క వాక్యం రేపు అదే బొమ్మ టీషర్ట్ మీదకు ఎక్కినప్పుడు అక్కరకొస్తుంది. హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్క వేస్తుంది. సర్వహక్కులూ కావాలంటే ఇవ్వండి, ధర వేరుగా చెప్పి. లేయర్లున్న ఓపెన్ ఫైలు అడిగితే దానికీ వేరే ధర. పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి మాత్రం వదులుకోకండి.

7. పని నడిపే తీరు

మొదట ప్రశ్నలు. ఎవరు చూస్తారు, ఎక్కడ అచ్చవుతుంది, నచ్చిన బొమ్మలు మూడు, నచ్చనివి రెండు పంపమనండి. నచ్చనివే ఎక్కువ చెబుతాయి. తర్వాత పెన్సిల్ గీతల్లాంటి రఫ్‌లు రెండు మూడు. ఒకటి ఖాయం చేశాక గీత, ఆపైన రంగులు. ఒక్కో దశ దాటేముందు "ఇది ఖాయమేనా అండీ?" అని రాతలో అడగండి. రంగులు వేశాక "అమ్మాయిని ఎడమవైపు పెడితే?" అంటే అది కరెక్షన్ కాదు, కొత్త పని, దాని ధర వేరు. నిర్ణయం ఎవరిదో మొదటి రోజే కనుక్కోండి. అంతా అయ్యాక అమెరికా నుంచి అన్నయ్య వచ్చి రంగు మార్చమంటే తిప్పలు మీకే.

అచ్చుకెళ్లే బొమ్మను మొదటి నుంచే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) గీయండి. ఏ4 అంటే 2480 బై 3508 పిక్సెళ్లు. చిన్నగా గీసి తర్వాత సాగదీస్తే అచ్చులో బయటపడుతుంది. తెర మీది ఆర్‌జీబీ పచ్చ, నీలం రంగులు అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేలో మందగిస్తాయి. ప్రెస్సువాళ్లను ఒక నమూనా ప్రింట్ అడిగి చూసుకోండి, అంచుల్లో కటింగ్‌కు 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. వాట్సాప్ ఫొటోగా పంపితే బొమ్మ నాణ్యత పడిపోతుంది. కాబట్టి రఫ్‌లు చిన్న సైజులో వాటర్‌మార్క్‌తో ఫొటోగా, ఫైనల్ మాత్రం డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింకుగానో పంపండి. అచ్చుకెళ్లే ముందు తెలుగు మేటర్‌ను క్లయింటు చేత చదివించి "సరే" అనిపించుకోండి. పెళ్లి కార్డులో మేనమామ పేరు తప్పుపడితే ఎవరు రాసిచ్చారన్నది అప్పుడెవరూ చూడరు.

ఏఐ బొమ్మల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. క్లయింటు ఏఐతో చేసిన బొమ్మ పంపి "ఇలా కావాలి" అంటే దాన్ని రఫ్ వివరణగా తీసుకోండి, పోట్లాడక్కర్లేదు. మీ పనిలో ఏఐ వాడతారో లేదో ఒప్పందంలో ఒక వాక్యం రాయండి. వాడి చెప్పకపోతే తర్వాత బయటపడినప్పుడు పోయేది క్లయింటు ఒక్కరే కాదు. చవకగా ఏదో ఒక బొమ్మ చాలనుకునేవాళ్లు ఎలాగూ అటు వెళ్లిపోయారు. వాళ్ల అమ్మమ్మ కట్టుకున్న చీర అంచు అదే రంగులో, అదే తీరులో కావాలనేవాళ్లు మీ దగ్గరకే వస్తారు.

8. డబ్బు, పన్ను

ప్రతి పనికీ ఇన్‌వాయిస్ ఇవ్వండి. నంబరు, తేదీ, పని వివరం, మొత్తం, పాన్, బ్యాంకు వివరాలు ఉంటే చాలు. పని డబ్బు వచ్చే ఖాతా వేరుగా ఉంచండి. కంపెనీలు మీ ఫీజులో కొంత, తరచూ 10 శాతం, ముందస్తు ఆదాయపన్ను అయిన టీడీఎస్‌గా పట్టుకుని ప్రభుత్వానికి కడతాయి. అది పోయిన డబ్బు కాదు. రిటర్న్ వేసేటప్పుడు ఆదాయపన్ను పోర్టల్‌లో చూసి లెక్కలోకి తెచ్చుకోవచ్చు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ సేవలకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే తప్పనిసరి. విదేశీ ఆదాయం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. బయటి దేశం నుంచి డబ్బొస్తే బ్యాంకు పర్పస్ కోడ్, అంటే ఆ డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్, అడుగుతుంది. వచ్చిన ప్రతిసారీ ఆ రసీదులు దాచండి. ఏడాదికి ఒకసారైనా ఆడిటర్‌ను కలవండి, ఆయన ఫీజు వృథా పోదు.

డబ్బు ఎగవేసే కంపెనీల విషయంలో మన ఆర్టిస్టులు వాడుకోని ఆయుధం ఒకటుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అవుతుంది. డబ్బులడిగే వెబ్‌సైట్లు నకిలీవో దళారులవో. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీతో. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చాలాసార్లు అంతదాకా వెళ్లక్కర్లేదు. ఇన్‌వాయిస్ కింద ఉద్యమ్ నంబరు, ఈ 45 రోజుల మాట రాసి ఉంటే అకౌంట్స్ విభాగం ఫైలు పైకి తీస్తుంది. పని మొదలుపెట్టే ముందే నమోదు చేసుకోండి, బాకీ పడ్డాక చేసుకుంటే పాత బిల్లుకు వర్తించడం కష్టం.

మోసాలు కూడా కొత్త ఆర్టిస్టులనే వెతుక్కుంటూ వస్తాయి. "అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. మీ బొమ్మను భారీ ధరకు కొంటామని, ముందు మీరే ఫీజు కట్టాలని వచ్చే మెసేజ్‌లదీ అదే దారి. "టెస్ట్‌గా ఐదు బొమ్మలు ఉచితంగా చేయండి, నచ్చితే పని ఇస్తాం" అంటే ఆ ఐదింటితోనే వాళ్ల పని అయిపోతుంది. పోర్ట్‌ఫోలియో ఉన్నది అందుకే. టెస్ట్ తప్పనిసరైతే తగ్గించిన ధరకైనా డబ్బు తీసుకోండి.

9. రెండో పని

కొత్త క్లయింటును వెతకడానికి పట్టే శ్రమలో కొద్దిపాటితోనే పాత క్లయింటు దగ్గర మళ్లీ పని దొరుకుతుంది. పని అయ్యాక వాళ్ల చేత రెండు వాక్యాలు రాయించుకోండి, అచ్చయిన లేబుల్‌దో కార్డుదో ఫొటో అడగండి. మీ షీటులో ప్రతి క్లయింటు పక్కనా వాళ్ల సీజన్ రాయండి. పచ్చళ్లవాళ్లకు ఆవకాయ కాలం వేసవి, మిఠాయిలవాళ్లకు దసరా నుంచి సంక్రాంతి, రచయితలకు పుస్తక ప్రదర్శన. ఆ సీజన్‌కు నెల ముందు ఒక మెసేజ్ వెళ్లాలి: "ఈసారి పండక్కి ఏమైనా అనుకుంటున్నారా అండీ? ఈ నెల పదో తేదీ దాకా నాకు ఖాళీ ఉంది." పెళ్లి కార్డు చేయించుకున్న జంటకు ఏడాదిన్నరకు బారసాల కార్డు అవసరం రావొచ్చు. వాళ్లు ఇంకో ఆర్టిస్టును వెతికేలోపే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో "కార్డు ఆర్టిస్ట్" అని సేవ్ అయి ఉండేలా చూసుకోండి.